ఓడ తలుపు మూయని ముసలాయన

నేను ఒక బల్లనని చెబితే మీరు కూర్చోబోతారు, పలకనంటే రాయబోతారు. ఆ రెండూ కాను. నేను ఒక ఫ్లానెల్ బోర్డుని. సండే స్కూల్లో చదువుకున్నవాళ్ళకి నా మొహం గుర్తుంటుంది. చదువుకోనివాళ్ళ కోసం చెబుతాను. ఒక చెక్క మీద నూగున్న మెత్తటి గుడ్డ బిగిస్తే అది నేను. వడ్రంగులు చెక్క రుద్దే ఉప్పుకాగితం ముక్కొకటి కాగితపు బొమ్మ వీపుకి అంటించి, ఆ బొమ్మని నా మీద ఆనిస్తే మేకూ జిగురూ లేకుండా నిలబడుతుంది. నిలబడినంతసేపు నిలబడుతుంది. ఎప్పుడు పడుతుందో ఎవరికీ తెలియదు, నాకసలే తెలియదు. నాకు కుదురు లేకపోవడానికి అదే మొదటి కారణం.

రెండో కారణం రైలు. మా గుడి రేపల్లె వెళ్ళే రైలు కట్టని ఆనుకుని ఉంటుంది. ఆదివారం పొద్దున పాఠం రసపట్టులో ఉండగా పాసింజరు వస్తుంది. గోడ వణుకుతుంది, గోడకున్న మేకు వణుకుతుంది, మేకుకున్న నేను వణుకుతాను. దావీదు వడిసెల తీయకముందే గొల్యాతు తనంతట తనే బోర్లా పడిన ఆదివారాలున్నాయి. పిల్లలు చప్పట్లు కొట్టేవాళ్ళు. నాకు మాత్రం తల కొట్టేసినట్టుండేది.

నన్ను చేసింది రత్నమణమ్మ. ఆవిడ ఈ ఊరి సండే స్కూలుకి చాలాకాలం టీచరు. గుంటూరులో ఏదో శిక్షణ తరగతికి వెళ్ళి, ఇలాంటి బోర్డు చూసి వచ్చి, అప్పటికి పుట్టబోతున్న బిడ్డకి చొక్కాలు కుట్టడానికి తెచ్చుకున్న ఫ్లానెల్‌లో సగం కత్తిరించి టీ పెట్టె మూతకి బిగించింది. పైన సగం నీలం రంగు అద్దింది, అది ఆకాశం. కింద సగం ఆకుపచ్చ, అది కనాను దేశం. బిడ్డకి చొక్కాలు కురచయ్యాయి. ఆ బిడ్డ ఇప్పుడు బట్టతల వచ్చిన పెద్దమనిషి, కెజియా టీచరమ్మ భర్త. ఆయనా నేనూ ఒకే తాను గుడ్డ పంచుకున్నవాళ్ళం. అందుకేనేమో నన్ను స్కూటరు మీద పెట్టమంటే ఆయన మొహం అదోలా పెట్టేవాడు.

కోడలు కాపురానికి వచ్చిన కొత్తలో అత్తగారు నగల పెట్టె తీస్తుందని చుట్టాలు చూశారట. ఆవిడ మంచం కిందనుంచి నన్ను లాగింది. "ఇది నీకు. మోకాళ్ళు నొప్పులే, ఇంక నేను నిలబళ్ళేను. జాగ్రత్త, నీళ్ళు తగలనీమాక," అంది. కెజియా డిగ్రీ చదువుకున్న మనిషి. నన్ను ఒకసారి, అత్తగారిని ఒకసారి చూసి, "బాగుందత్తయ్యా, దీనికి తరుగూ మజూరీ ఉండవు," అంది. అత్తగారు నవ్విందో లేదో నాకు కనబడలేదు. నన్ను గోడవైపు తిప్పి పెట్టారు.

నీళ్ళు నాకు తగల్లేదు, బొమ్మలకి తగిలాయి. ట్రంకు పెట్టె నిండా బొమ్మలుండేవి. మోషే, ఫరో, పన్నెండుమంది శిష్యులు, సింహాలు, ఒక తిమింగలం. ఒక వానాకాలం గుడి పెంకులు జారి ఆ పెట్టెలోకి రాత్రంతా నీళ్ళు కారాయి. పొద్దున తీసి చూస్తే పాత నిబంధన, కొత్త నిబంధన కలిసి ఒకటే ముద్ద. మిగిలినవి అంతకుముందు ఆదివారం బద్ధకించి నా మీదే వదిలేసిన బొమ్మలు మాత్రమే: చేతికర్ర పట్టుకున్న ఒక గడ్డపు ముసలాయన, కడవ ఎత్తుకున్న ఒక అమ్మాయి, ఒక ఒంటె, ఒక గొర్రె. సర్దిపెట్టినవి పోయి, సర్దనివి బతికాయి. ఈ సంగతి కెజియా టీచరమ్మ చాలా ఇళ్ళల్లో చాలామంది ఆడవాళ్ళకి ఎంతో తృప్తిగా చెప్పింది.

కొత్తవి తెప్పించమని సంఘాన్ని అడిగితే చూద్దామన్నారు. మా సంఘం చూద్దామన్నదంటే చూస్తూనే ఉంటుంది. ఈలోగా ఆదివారాలు ఆగవు కదా. టీచరమ్మ ఆ నలుగురితోనే బైబిలంతా నడపడం మొదలుపెట్టింది. ముసలాయన ఒక వారం అబ్రాహాము. ఇంకో వారం మోషే. గొర్రె ఉంటే కాపరి, ఒంటె ఉంటే తూర్పు జ్ఞాని. కడవ అమ్మాయి ఒక వారం రూతు, ఒక వారం మార్త, మరో వారం కడవ వెనక్కి మడతపెట్టుకుని ఎస్తేరు రాణి. ముసలాయన ఎప్పుడూ కుడివైపుకే తిరిగి, కర్ర మీద కొంచెం వంగి, దూరంగా దేనినో చూస్తుంటాడు. అలా చూసే మనిషి ఎవరైనా కావచ్చు. కథ చెప్పేది టీచరమ్మ కాబట్టి పిల్లలకి లోటు తెలిసేది కాదు.

ఆవిడ చెప్పే పద్ధతి గురించి ఒక మాట చెప్పాలి. శనివారం మధ్యాహ్నం చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తూ పక్కన బైబిలు తెరిచి పెట్టుకునేది. పాఠం పుస్తకంలో నాలుగు వాక్యాల సారాంశం ఉంటే ఆవిడ అధ్యాయం మొత్తం చదివేది, ముందుదీ వెనకదీ కూడా. ఆ నాలుగు వాక్యాల్లో ఉండని చిన్న చిన్న సంగతులు పట్టుకునేది. ఎవరు ఏం తిన్నారు, తలుపు ఎవరు తీశారు, ఎవరు అలిగి బయట నిలబడ్డారు. ఆదివారం అవే చెప్పేది. పిల్లలు నోళ్ళు తెరుచుకుని వినేవాళ్ళు, పాసింజరు వచ్చేదాకా.

ఇక్కడ మా సండే స్కూలు ఆచారం ఒకటి మీకు తెలియాలి. పెద్దల ఆరాధనకి రెండో గంట కొట్టగానే పాఠం ఎక్కడుంటే అక్కడ ఆగిపోవాలి. మిగతాది వచ్చే వారం అంటారు. వచ్చే వారానికి పాఠాల పట్టికలో వేరే కథ ఉంటుంది. మిగతాది ఎప్పటికీ రాదు. ఎన్ని కథలు నా మీద సగంలో ఆగిపోయాయో! నాకు నిలకడ లేదంటారు గానీ, కథలో ఓడ ఒడ్డు చేరకముందే బొమ్మలు పీకేస్తే ఎవరికి నిలకడుంటుంది?

అలాంటిదే ఆ వారం. తప్పిపోయిన కుమారుడి కథ, వాటా పంచుకుని ఇల్లు వదిలిపోయిన చిన్నకొడుకు సంగతి. ముసలాయన తండ్రి. కొడుక్కి బొమ్మ లేదు. పడుచువాళ్ళంతా ముద్దలో పోయారు. "చిన్నోడు వెళ్ళిపోయాడు కదర్రా, కనపడడు," అని టీచరమ్మ నేర్పుగా సర్దేసింది. తండ్రి ఒక్కడే నా మీద, కుడివైపు ఖాళీలోకి చూస్తూ. కొడుకు దూరదేశంలో పందులు మేపుతున్నాడు, పొట్టు తినబోతున్నాడు, ఇక్కడ తండ్రి రోజూ వాకిట్లోకి వచ్చి చూస్తున్నాడు. అప్పుడు రెండో గంట కొట్టారు. పిల్లలు చాపలు చుట్టేశారు. తండ్రిని పీకి అట్టపెట్టెలో పడేశారు.

ఆ వారమంతా నేను గోడకి వేలాడుతూ అవతలి ఖాళీని చూశాను. కొడుకు వచ్చాడో లేదో నాకు తెలియదు. రత్నమణమ్మ రోజుల్లో ఈ కథ ఎన్నోసార్లు పూర్తిగా విన్నాను, అయినా తెలియనట్టే ఉంది. ఆగిపోయిన కథ అలా చేస్తుంది. తర్వాత ఆదివారం పట్టిక ప్రకారం నోవహు. అదే ముసలాయన ఓడ కట్టాడు. పాసింజరు వచ్చినప్పుడు జలప్రళయం అని కూడా వాడుకున్నారు.

ఇంతలో మా సంఘ పెద్ద జెకర్యా గారు గుడికి ఒక పెద్ద టీవీ ఇచ్చాడు. ఆయనకి తెనాలిలో టీవీలూ ఫ్యాన్లూ అమ్మే షాపుంది. మా గుడిలో ప్రతి ఫ్యాను రెక్క మీదా దాత పేరు రాసి ఉంటుంది. టీవీ కింద కూడా ఎర్ర రంగుతో రాయించాడు. దానికి పని కల్పించాలి కదా. అయ్యగారి దగ్గరికొచ్చి, అంటే మా పాస్టరు గారి దగ్గరికొచ్చి, టీచరమ్మ వినేటట్టే అన్నాడు.

"ఇప్పటి పిల్లలు బొమ్మ కదిలితేనే చూస్తారండీ అయ్యగారూ. ఈ గుడ్డ బోర్డు ఏంది, ఆ ఒక్క ముసలోడేంది! జిల్లా సండే స్కూలు పరీక్ష వస్తందిగా. మన పిల్లలు గనక వెనకబడితే తరగతి టీవీకి అప్పజెబుదాం. కెజియమ్మకి ఖాళీగా ఏం ఉండదులే, కానుకల సంచులు కుట్టిద్దాం."

"టీవీకి కూడా జవాబులు చెప్పటం వచ్చా బాబాయి గారూ, లేకపోతే ప్రశ్నలు అడగటం ఒక్కటేనా?" అని అడిగింది టీచరమ్మ నా మీదున్న దారప్పోగు తీసేస్తూ.

"అదేం అడగదమ్మా."

"మరి పిల్లలు దాన్ని?"

"పిల్లలూ దాన్నేం అడగరు. గమ్మున కూర్చుంటారు. అదేగా కావాల్సింది."

అయ్యగారు సరేనన్నట్టూ కాదన్నట్టూ తల ఊపాడు. మా అయ్యగారి మెడ అందుకు బాగా అలవాటు పడింది. కానీ మాట ఖాయమైపోయింది. పరీక్ష పోతే తరగతి పోయినట్టే. టీచరమ్మ ఆ మాటకి నవ్వింది గానీ, నన్ను మేకుకి తగిలించేటప్పుడు రెండుసార్లు తప్పింది. నాకు తెలుసు, ఆవిడ చేతులు ఎప్పుడూ తప్పవు.

పరీక్ష తీసుకోవడానికి కృపానందం గారు వచ్చాడు. రిటైరైన హెడ్మాస్టరు, తెల్ల చొక్కా, జేబులో రెండు పెన్నులు. వందనాలు అందరికీ చెప్పి, టీ వద్దని, తర్వాత తాగాడు. ముందు బంగారు వాక్యాలు అడిగాడు. అవి బట్టీపట్టడంలో మా పిల్లల్ని మించినవాళ్ళు లేరు. అధ్యాయం, వచనం నంబరుతో సహా, ఊపిరి తీసుకోకుండా, అర్థం దరిదాపులకి పోకుండా అప్పజెప్పారు. జెకర్యా గారి మొహం వాడింది. టీచరమ్మ కొంగు సర్దుకుంది. నేను కూడా కొంచెం సర్దుకున్నాను.

అప్పుడాయన కాగితం మూసి, మాటవరసకి అన్నట్టు, ముందు వరసలో రెండు జడల తబితని అడిగాడు. "నోవహు ఎవరమ్మా?"

తబిత లేచి నిలబడింది. ఏడేళ్ళ పిల్ల, తడబడటం అంటే ఎరగదు. "తప్పిపోయిన కొడుకు వాళ్ళ నాన్నండీ."

వెనకాల పెద్దవాళ్ళు పకపక నవ్వారు. జెకర్యా గారు అందరికంటే ఆలస్యంగా మొదలుపెట్టి అందరికంటే ఆలస్యంగా ఆపాడు. ఇంతకాలం ఒక్క ముసలాయనతో నడిపిన బండి ఎక్కడ బోల్తా కొట్టిందో టీచరమ్మకి ఆ క్షణంలో తెలిసిపోయింది. నాకూ తెలిసింది. నేల చీలితే బాగుండుననిపించింది, కానీ నేను గోడకి ఉన్నాను.

"ఎట్టా అమ్మా?" అన్నాడు కృపానందం గారు, పెన్ను మూత తీస్తూ.

"చిన్నోడు వెళ్ళిపోయాడు కదండీ. వాళ్ళ నాన్న రోజూ వాకిట్లో చూస్తున్నాడండీ. వాడు రాలా. ఈలోపు వానొస్తదని దేవుడు చెప్పాడు. ఓడ కట్టాడు. అందరూ ఎక్కారు, ఒంటె కూడా ఎక్కింది. తలుపు మాత్రం ఆయన మూయలేదండీ, దేవుడే మూశాడు."

"దేవుడు ఎందుకు మూశాడు?"

తబిత ఆయన్ని వింతగా చూసింది, ఇంత తెలియనివాడు పరీక్ష ఎలా పెడుతున్నాడన్నట్టు. "ఆయన ఎట్టా మూస్తాడండీ? చిన్నోడు ఇంకా రాలేదుగా."

దూరంగా రైలు కూత వేసింది. కృపానందం గారు పెన్ను అలాగే పట్టుకుని, ఎవరినీ కాకుండా నన్ను చూస్తూ కూర్చున్నాడు. నా మీద ఆ రోజు ఏ బొమ్మా లేదు.

"ఓడ తలుపు దేవుడే మూశాడని ఎవరు చెప్పారు మీకు?" అన్నాడు.

"నేనేనండీ," అంది టీచరమ్మ. "ఆదికాండంలో ఉంది. పాఠం పుస్తకంలో లేదు. మిగతాది మాత్రం నా బొమ్మలు చేసిన పని. ఉన్నది ఒక్క ముసలాయన. నేనే అందరి వేషాలూ ఆయన చేత వేయించా."

"జవాబు తప్పమ్మా," అన్నాడాయన. సున్నా వేశాడు. సున్నా వేసి దాని చుట్టూ మళ్ళీ పెన్ను తిప్పాడు, సున్నా ఇంకా లావైంది. "తరగతి సంగతి ఇప్పుడే చెప్పను. వచ్చే ఆదివారం ఊరికే వస్తాను. పాఠం చెప్పండి, వింటాను. ఆ చిన్నోడి పాఠమే. వాడిని ఇంటికి చేర్చండి."

ఆ వారం ఎలా గడిచిందో చెప్పలేను. నాకు ఒక భయం ఉంది, అది టీచరమ్మకి తెలియదు. నా నడుమ నూగు పోయింది. ప్రతి కథా నడిమధ్యలోనే జరుగుతుంది కదా. ఎర్రసముద్రం అక్కడే చీలింది, సిలువ అక్కడే నిలబెట్టారు, ముసలాయన వేషాలన్నీ అక్కడే వేశాడు. అక్కడ గుడ్డ నున్నగా మెరుస్తోంది. బొమ్మ పెడితే జారుతుంది. మూలల్లో ఆకాశం మాత్రం కొత్తగా ఉంది, అక్కడ ఎప్పుడూ ఏమీ జరగలేదు. అంతటి పరీక్ష నాడు నేను జారవిడిస్తే ఎలా?

శనివారం టీచరమ్మ పిల్లలందర్నీ ఇంటికి పిలిచింది. పాత పెళ్ళికార్డులు, గుడ్డ పీలికలు, ఉప్పుకాగితం ముందు పడేసి, "తలా ఒక చిన్నోడిని చేయండర్రా," అంది. ఎలా ఉంటాడని అడిగితే, "నాకేం తెలుసు? మీకు తెలిసినోణ్ణి చేయండి," అని చిక్కుళ్ళ దగ్గరికి వెళ్ళిపోయింది. నన్ను వసారాలో ఆనించారు, అన్నీ చూశాను. ఒకడి చిన్నోడికి చెప్పుల్లేవు. ఒకడిది క్రాఫు. ఒకమ్మాయి చిన్నోడికి జడ వేసింది, అమ్మాయిలు తప్పిపోకూడదా అంది. తబిత చేసినవాడి మూతి వంకరగా ఉంది, అలిగాడంది.

ఆదివారం కృపానందం గారు వెనక చాప మీద కూర్చున్నాడు. జెకర్యా గారు టీవీ పక్కన నిలబడ్డాడు, ప్లగ్గు చేతిలో పట్టుకుని. టీచరమ్మ ముందు పెళ్ళికార్డు నుంచి కత్తిరించిన కొత్త ముసలాయన్ని ఒకాయన్ని నా మీద పెట్టింది. "ఈయన నోవహు. వేరే మనిషి. వేరే కాలం. తెలిసిందా?"

"మరి మన తాత ఓడ ఎక్కలేదా?" అంది తబిత.

"ఎక్కలేదు. ఇంటికాడే ఉన్నాడు."

"మునిగిపోలా?"

"ఆ వానకీ ఈయనకీ సంబంధం లేదే తల్లీ."

"హమ్మయ్య," అంది తబిత, అందరికీ వినబడేటట్టు.

నోవహుని తీసేసి, మన ముసలాయన్ని నడుమ పెట్టింది. ఆయన జారాడు. మళ్ళీ పెట్టింది. మళ్ళీ జారాడు. నేను ఊపిరి బిగబట్టాను. గుడ్డకి ఊపిరి ఏమిటని అడగకండి. జెకర్యా గారు ప్లగ్గు గోడ దగ్గరికి తీసుకెళ్ళాడు. టీచరమ్మ ఒక్క క్షణం నన్ను చూసింది, నా నున్నటి నడుముని వేలితో తడిమింది, సంగతి గ్రహించింది. ఆ తర్వాత ఆవిడ చేసింది పాఠం పుస్తకాల్లో లేదు.

"తబితా, రా. నాన్నని పట్టుకో. పడనీమాక."

తబిత వచ్చి వేలితో ముసలాయన్ని నాకు అదిమిపట్టింది. టీచరమ్మ కథ ఆపినచోట ఎత్తుకుంది. కొడుకు లేచాడు, బయల్దేరాడు, దారంతా నాన్నకి ఏం చెప్పాలో బట్టీపడుతున్నాడు, బంగారు వాక్యంలాగా. పిల్లలు నవ్వారు. ఇంకా దూరంగా ఉండగానే తండ్రి చూశాడు. "ఎవరి చిన్నోణ్ణి వాళ్ళు తీసుకురండర్రా." ఒక్కొక్కరే వచ్చారు. చెప్పుల్లేనివాడు, క్రాఫువాడు, జడవాడు. ఎవడూ నా మీద నిలవలేదు, ఎవరి వేలితో వాళ్ళు పట్టుకున్నారు. తోసుకున్నారు, తొక్కుకున్నారు. "నాన్నే పరిగెత్తాడంట, నువ్వు జరుగు!" "ముందు మావాడు!" తబిత ముసలాయన్ని కుడివైపుకి జరపడం మొదలుపెట్టింది, ఒక్కొక్కడి దగ్గరికీ. వంకర మూతివాడు ఆమె ఇంకో చేతిలోనే ఉన్నాడు. వాణ్ణి చివర పెట్టింది.

అప్పుడు పాసింజరు వచ్చింది. గోడ వణికింది, మేకు వణికింది. నేను వణకలేదు. నా మీద అన్ని చేతులుంటే ఎక్కడ వణుకుతాను?

ఆ రైలు చప్పుడులోనే రెండో గంట కొట్టారు. ఎవరూ చాపలు చుట్టలేదు. గంట కొట్టినతను లోపలికి తొంగిచూసి, అయ్యగారిని చూశాడు. అయ్యగారి మెడ మొదటిసారి ఒక్కవైపే ఊగింది, ఆగమన్నట్టు. కథ అయ్యేదాకా పెద్దలు ఎండలో నిలబడ్డారు. విందు అయింది. తమ్ముడికి ఈ విందేమిటని పెద్దకొడుకు అలిగి బయట నిలబడ్డాడు, వాణ్ణి బతిమాలడానికి ముసలాయన మళ్ళీ బయటికి వచ్చాడు. అక్కడ టీచరమ్మ ఆగింది. "వాడు లోపలికి వచ్చాడో లేదో రాయలేదు. మీరు ఆలోచించండి," అంది.

కృపానందం గారు లేచి, "పిల్లలు చాలా అల్లరి చేశారు," అన్నాడు. జెకర్యా గారు తలాడించాడు. "తరగతి ఈవిడ దగ్గరే ఉండనీండి అయ్యగారూ. సున్నా మాత్రం సున్నాయే." పోతూ పోతూ తబిత దగ్గర ఆగి ఏదో అడిగాడు, నాకు వినబడలేదు. తబిత మాత్రం గట్టిగానే చెప్పింది, "మావోడు వచ్చేశాడండీ, ఇంక తలుపు మూసుకోవచ్చు."

టీవీకి పండగల్లో పని దొరికింది. నాకు ఆ తర్వాత కూడా చాలా ఆదివారాలు దొరికాయి, చేతులతోనే. టీచరమ్మ మోకాళ్ళు కూడా అత్తగారి దారి పట్టాక తరగతి తబిత తీసుకుంది. తను నన్ను వాడదు. పిల్లల చేతనే వేషాలు వేయిస్తుంది, చాపల మీద ఓడ కట్టిస్తుంది. రెండో గంట అంటే లెక్కలేదు. సబబే.

నేను ఇప్పుడు గుడి వెనక సామాన్ల గదిలో ఉన్నాను, విరిగిన బెంచీకీ క్రిస్మస్ నక్షత్రం పుల్లలకీ మధ్య. చివరిసారి సర్దినప్పుడు టీచరమ్మ ముసలాయన్ని అట్టపెట్టెలో వేయబోయి, ఆగి, నా పై మూల ఆకాశంలో పెట్టింది. "నీ అసలు పేరు ఇన్నాళ్ళూ ఎవరూ అడగలేదు," అంది ఆయనతో. బొమ్మల్ని నా మీదే వదిలేసిన ఆ వానాకాలపు ఆదివారం కథ రిబ్కాది. కడవ అమ్మాయి రిబ్కా, ఈయన ఆమెని యజమాని ఇంటికి కోడలిగా అడగడానికి ఒంటెని తోలుకొచ్చిన అబ్రాహాము ఇంటి పెద్ద దాసుడు. ఆ అధ్యాయమంతా నడిచేది ఆయనే, అందులో ఆయనకి పేరు లేదు. పేరున్నవాళ్ళందరి పనీ చేసి పెట్టాడు.

ఆ మూల నూగు కొత్తది. గట్టిగా పట్టుకున్నాను. రైళ్ళు వెళుతున్నాయి, ఆయన కదలడం లేదు. కుడివైపు తిరిగి, కర్ర మీద వంగి చూస్తున్నాడు. కుడివైపు గది తలుపుంది. గడియ పోయింది, ఎప్పుడూ బార్లా తెరిచే ఉంటుంది. వాన జల్లు కొడుతోంది, ఎలుకలు వస్తున్నాయి, ఎవరైనా వచ్చి దాన్ని మూస్తే బాగుండునని రోజంతా నాకు ఒకటే ఆరాటం.

ఆయనకి లేదు.